రాకాసిబండల కింది మనిషి

తొంభైల చివర్లో ఒకరోజు మేడ్చల్‌లో శామీర్‌పేట బస్సెక్కితే సీటు దొరికింది. పక్కన నిలబడ్డ కూలిమనిషి, మా అమ్మ వయసుది, తన గుడ్డమూట నా ఒళ్లో పెట్టింది. నిలబడ్డవాళ్ల సామాను కూర్చున్నవాళ్లు పట్టుకోవడం మామూలేగా. బస్సు కుదుపుకి మూట గలగలమంది.

“మొక్కజొన్నలా అమ్మా?” అన్నాను.

“మన్షి బొక్కలు సారూ. అత్వెల్లి కాడ కొత్త కాలనీల పునాది తవ్వుతాంటే రాకాసిబండల కింద కుండల దొరికినయి. ఏ కాలపోడో ఏమో! మేస్త్రి పారెయ్యమన్నడు, నాకు మనసొప్పలే. చెర్వుల కలుపుదమని తీస్కపోతున్న.”

రాకాసిబండలంటే ఎప్పటివో పాత సమాధుల మీద పేర్చిన పెద్ద రాళ్లు. ఒళ్లో ఉన్నవి మనిషి ఎముకలని తెలిసి మూటను రెండు చేతులా పట్టుకున్నాను. ఆ కాలనీలో నాకూ ప్లాటుంది. ఎన్నడూ ఎవరూ ఉండని బీడంటే నమ్మి కొన్నాను.

శామీర్‌పేటలో ఆమె మూట అందుకుని కళ్లకద్దుకుంది.

“నీళ్లిడిసేటప్పుడు పేరు జెప్పాలె గద సారూ. గీయన పేరు ఎవలికెర్క? సదువుకున్నోనివి, నువ్వే ఓ పేరు జెప్పు.”

బిత్తరపోయి నోటికొచ్చిన పేరు చెప్పేశాను. ఆమె మరిచిపోకుండా దాన్నే పలుక్కుంటూ చెరువు వైపు వెళ్లిపోయింది.

అది నా పేరే.

తర్వాత ఆ ప్లాటులో ఇల్లు కట్టాను. గేటుకి పేరు పలక మాత్రం ఇప్పటికీ పెట్టించలేదు.