లెన్సు అంచున ఉన్న నంబరు

డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. భీమడోలులో ఒక పెళ్ళికి ఆడపెళ్ళివారి ఫొటోగ్రాఫర్‌ని నేను. మగపెళ్ళివారి తరఫున తాడేపల్లిగూడెం నుంచి ఏసుపాదం గారు వచ్చారు. ఇద్దరివీ ఒకే రకం లెన్సులు.

భోజనాలయ్యాక నా లెన్సు మీద గీత కనిపించింది. "నా లెన్సు మార్చేశారు కదండీ, పెద్దమనిషి గారూ!" అని ఏసుపాదం గారి మీద పందిట్లో అందరి ముందూ అరిచాను.

"అంచున నంబరుంటుందండీ. మీ బిల్లుతో సరిచూసుకోండి" అన్నారాయన.

"ఆ చీమతలకాయంత అంకెలు ఎవడిక్కావాలండీ?" అని వెక్కిరించి, గీత పడ్డది ఆయన చేతిలో పెట్టి, ఆయనది లాక్కుని ఏలూరు వచ్చేశాను.

ఇంట్లో బిల్లు తీశాను. దానిమీది నంబరు నేను తెచ్చిన లెన్సుది కాదు; గీత పడ్డదే నాదన్నమాట. అచ్చంగా ఒకేలా ఉండే లెన్సుల్లో ఏది ఎవరిదో చెప్పడానికే ఆ అంకెలని నా మట్టిబుర్రకి అప్పుడెక్కింది.

మర్నాడు రహస్యంగా వెళ్ళి తిరిగిచ్చి, తప్పు నాదేనని ఆయనకి చెప్పాను. "నాకెందుకండీ చెప్పడం? ఆ పందిట్లోవాళ్ళకి చెప్పండి" అన్నారు. పిరికివాణ్ణి, చెప్పలేదు. భీమడోలులో ఆయన్ని మళ్ళీ ఏ పెళ్ళికీ ఎవరూ పిలవలేదు.

ఆ పందిట్లో ఉన్నవారెవరైనా ఇది చదివితే తెలుసుకోండి: ఆ రోజు పరాయివాడి లెన్సు పట్టుకుపోయింది నేను.