ముత్యాలు ఈనిన తేదీ

1961లో నేను కోవూరు పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉండేవాణ్ణి. పనంతా ఎద్దులు, గేదెలు, అప్పుడప్పుడు గొర్రెలు. గుర్రాల వైద్యం కాలేజీలో చదివిందే తప్ప చేతికి తగిలింది తక్కువ. అయితే ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే శేషారెడ్డి గారి స్టడ్ ఫారం ఉండేది. అంటే పందెపు గుర్రాలను పుట్టించి, పిల్లలు ఏడాదివయ్యాక అమ్మే చోటు. నెలకొకసారి అక్కడికి సైకిలు మీద వెళ్ళి వచ్చినందుకే జనం నన్ను గుర్రాల డాక్టరని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు నాకూ బాగానే ఉండేది.

మా దగ్గర పుట్టిన గుర్రాలు పరుగెత్తేది మద్రాసులో. ఆ ఏడాది మొదట్లో అక్కడ పందాలు ఆపేస్తారని పుకారు పుట్టింది. పందేలు కాసి సంసారాలు గుల్ల చేసుకుంటున్నారని కొందరు, పన్ను వచ్చేదాన్ని సర్కారు ఎందుకు వదులుకుంటుందని కొందరు వాదించుకున్నారు. ఏదీ తేలకముందే కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. రెడ్డిగారి లాయంలో ఎనిమిది ఆడగుర్రాలకు మూడు మిగిలాయి. వాటిలో పెద్దది ముత్యాలు. దాని పిల్లలు రెండు మద్రాసులో గెలిచి ఉన్నాయి కనుక, అది ఈసారి ఈనే పిల్లను తప్పక కొంటానని అక్కడి ట్రైనర్, అంటే గుర్రాలకు పరుగు నేర్పే ఆయన, మాటిచ్చాడు. ఆ బేరం కుదిరితే లాయం ఇంకో రెండేళ్ళు నడుపుతాననీ, లేకపోతే నేల దున్నించి సరుగుడు వేయిస్తాననీ రెడ్డిగారు పెంచలయ్యతో చెప్పేశారు.

పెంచలయ్య ఆ లాయంలో పదిహేడేళ్ళుగా గుర్రాలను చూసుకుంటున్న మనిషి. సెంటు భూమి లేదు. ఉలవలు ఉడకబెట్టడం నుంచి గిట్టలు కడగడం దాకా అన్నీ అతని చేతి మీదే జరిగేవి. వేరే పని చేతకాదని అతనే ఒప్పుకునేవాడు.

పందెపు గుర్రాలకు ఒక వింత నియమం ఉంది. ఏ నెలలో పుట్టినా సరే, జనవరి ఒకటో తేదీ వస్తే కాగితం మీద అన్నిటికీ ఒక ఏడు పెరుగుతుంది. జనవరిలో పుట్టిన పిల్లకు ఏడాదంతా కలిసొస్తుంది. డిసెంబరు ఆఖరున పుట్టిన పిల్ల మర్నాటికే ఏడాదిదైపోయి, తనకంటే నిజంగా ఏడాది పెద్దవాటితో పరుగెత్తాలి. దాన్ని ఎవరూ కొనరు. గుర్రం చూలు పదకొండు నెలలు, అందుకే ఫిబ్రవరికి ముందు ఆడగుర్రాన్ని జత కట్టించరు. ఆ ఏడాది మాత్రం పుకారుకు భయపడి, ముత్యాలును జత కట్టించాల్సిన మద్రాసులోని మగగుర్రాన్ని బొంబాయికి అమ్మేస్తున్నారు. ఇప్పుడు కాకపోతే ఇక లేదన్నారు. రెడ్డిగారు నన్నడిగితే, ముత్యాలు ఎప్పుడూ పదిహేను రోజులు ఆలస్యంగానే ఈనుతుంది, భయం లేదన్నాను. జనవరి మూడో వారంలోనే పని కానిచ్చారు.

నవంబరులో చూడ్డానికి వెళ్ళినప్పుడు పెంచలయ్య బెంగగా అడిగాడు, ఒకటో తేదీ దాటేదాకా ఆపే మందేమైనా ఉందా అని. అలాంటి మందు లేదు. నేను నవ్వి, "ఆడగుర్రానికి సిగ్గెక్కువ, పెంచలయ్యా. మనిషి చూస్తా ఉంటే ఈనదు. కన్నార్పకుండా కాపలా కూర్చో, అదే బిగబట్టుకుంటుంది" అన్నాను. అందులో కొంత నిజం లేకపోలేదు. ఈనబోయే గుర్రం మనుషుల అలికిడి ఉంటే కాసేపు ఆపుకుంటుందని పుస్తకాల్లోనూ ఉంది. కాసేపు అని మాత్రం నేను చెప్పలేదు.

క్రిస్మస్‌కు నెల్లూరులో మా ఇంటికి వెళ్ళి, ముప్పైన తిరిగొచ్చాను. ముప్పై ఒకటో తేదీ పొద్దున ఇందుకూరుపేటలో పశువులకు టీకాలు వేస్తుంటే లాయం నుంచి బండి వచ్చింది. ముత్యాలుకు ఉమ్మనీరు పోయిందట, పిల్ల రావడం లేదట.

నేను వెళ్ళేసరికి ముత్యాలు పక్కకు ఒరిగి పడి ఉంది. చెమటతో ఒళ్ళంతా నల్లబడింది. నొప్పులు వస్తున్నాయి కానీ తోసే శక్తి దానికి లేదు. చెయ్యి పెట్టి చూస్తే పిల్ల ముందు కాలొకటి మోకాలి దగ్గర వెనక్కి మడిచి ఉంది. పొట్టలో చోటు చేసుకుని, గిట్టను అరచేత్తో కప్పి, మెల్లగా ముందుకు తెచ్చాను. నేనూ పెంచలయ్యా కలిసి లాగాం. ఎర్రటి ఆడపిల్ల, నుదుట తెల్లచుక్క. ఊపిరి తీసుకుంది. నేను పెంచలయ్య వైపు చూసి నవ్వాను. అతను నవ్వలేదు.

అప్పుడు చూశాను అతని మొహం. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. ఇరవై ఎనిమిదో తేదీనే ముత్యాలు చన్నుల కొసన మైనంలాంటి పూసలు కట్టాయట. మేము దాన్ని వాక్సింగ్ అంటాం, ఈనే ఘడియ దగ్గరపడిందనే గుర్తు. అప్పటినుంచి మూడు రోజులు అతను దాని దగ్గర నుంచి కదల్లేదు. అది పడుకోబోయినప్పుడల్లా లేపి నడిపించాడు. ఇంకొక్క రోజు ఆగమ్మా అని మెడ నిమురుతూ బతిమాలాడట.

మధ్యాహ్నానికి ముత్యాలు చిగుళ్ళు తెల్లబడ్డాయి. లోపల రక్తనాళం తెగింది. వయసు మళ్ళిన గుర్రాల్లో అది మామూలుగా జరిగేదే, మూడు రోజుల అలసటే చంపిందని ఖచ్చితంగా చెప్పలేను. అలా కాదనీ చెప్పలేను. రెండు గంటలకు అది పోయింది.

పిల్ల పుట్టిన తేదీ, ఆనవాళ్ళు రాసి డాక్టరు సంతకం చేసే కాగితాన్ని ఫోలింగ్ సర్టిఫికెట్ అంటారు. రెడ్డిగారు అది నా చేతికిచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నారు. పెద్దమనిషి, అడగలేక అడిగారు. "రేపటి తేదీ వేయండి డాక్టరు గారూ. ఈడ ముగ్గురమే గదా ఉండాం."

దాచడమెందుకు, నేను రాయడానికే పెన్ను తీశాను. ఆ క్షణంలో అది అబద్ధమని కాదు, నా తప్పుకు జరిమానా అనిపించింది. పెంచలయ్య పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"వద్దు సార్" అన్నాడు. "ఈ దినమే కనింది, ఈ దినమే పోయింది. దాని దినం దానికే ఉండనీండి."

నేను ముప్పై ఒకటి అని రాసి సంతకం పెట్టాను.

ట్రైనర్ రాలేదు. ఆవుపాలతో పెరిగిన ఆ పిల్లను మద్రాసులో సవారీ నేర్పేవాళ్ళెవరో తీసుకుపోయారు. మిగిలిన రెండు ఆడగుర్రాలూ వెళ్ళిపోయాయి. లాయం పడగొట్టి సరుగుడు వేశారు. మద్రాసులో పందాలు మాత్రం ఆ ఏడాదీ ఆగలేదు, మరుసటి ఏడాదీ ఆగలేదు.

ఏడాదిన్నర తర్వాత నాకు బదిలీ అయింది. వెళ్ళే ముందు పెంచలయ్యను చూడాలనిపించింది. గుర్రాలు తిరిగిన ఇసుకలోనే అతను దొరువు నుంచి, అంటే ఇసుకలో తవ్విన నీటిగుంట నుంచి, కావడితో నీళ్ళు మోసి సరుగుడు మొక్కలకు పోస్తున్నాడు. చాలాకాలంగా మింగలేక కక్కలేక ఉన్న మాట చెప్పేశాను. "తప్పు నాది, పెంచలయ్యా. ఆ కాపలా మాట నేను నవ్వులాటకు అన్నాను."

అతను కావడి దించాడు. "నవ్వులాటకా సార్?" అని నా మొహంలోకి చూశాడు. "డాక్టరు చెప్పినట్టే జేసినా గదా అని ఇన్నాళ్ళూ మనసుకు చెప్పుకుంటా ఉండాను" అన్నాడు. మళ్ళీ కావడి ఎత్తుకుని దొరువులోకి దిగాడు.

నా బరువు దించుకుందామని వెళ్ళి అతని నెత్తిన పెట్టి వచ్చాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు సర్వీసు చేశాను. పశువు మీద బతుకు ఆధారపడ్డ మనిషి ముందు డాక్టరు సరదాకు మాట్లాడకూడదని నేర్చుకున్నాను. అలాంటి మనిషి ప్రతి మాటనూ మందులాగే తీసుకుపోతాడు.