మంచం విప్పేసిన మేనత్త

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ మంచివాళ్లే, ఒక్క మా మేనత్త తప్ప. మా తాతకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయిన ఏడాది ఆ సంగతి ఊరంతటికీ తెలిసింది.

రోజూ పట్టుకుని నడిపించమనీ, వాడకపోతే కాలు బిగుసుకుపోతుందనీ డాక్టరు చెప్పాడు. మావాళ్లు వింటేనా! పావురం నెత్తురు పూసి, దుప్పటి కప్పి, మంచంలోనే సంగటి ముద్దలు తినిపించారు. చూడవచ్చిన బంధువులు ఏడ్చి, కదలొద్దని చెప్పి పోయేవారు. కాలు నిజంగానే బిగుసుకుపోయింది.

అప్పుడు గుత్తి నుంచి మేనత్త దిగింది. తాతను చాప మీదికి దించి, మంచం నులకంతా విప్పేసింది. ఆ నులకతోనే వాకిట్లో గుంజలకు, పట్టుకుని నడవడానికి, నడుమెత్తున రెండు వెదురు బొంగులు కట్టి, ఆ చివర సంగటి పెట్టింది. "ఆకలైతే వచ్చి తిను నాయనా," అంది. తాత లేచాడు, పడ్డాడు. మోకాలి నుంచి నెత్తురు కారుతుంటే మా అమ్మ పరుగెత్తబోయింది. మేనత్త అమ్మను జడ పట్టి వెనక్కి లాగింది. ఆ పూట తాత పస్తున్నాడు. ఇక రోజూ పొద్దున్నే ఆమె తాత కాలు మడిచి చాపుతుంటే ఆయన అరుపులు వీధంతా వినిపించేవి.

పక్కింటి అవ్వ ఊరుకోలేకపోయింది. "కన్నతండ్రిని కుక్కను చేసి ఆడిస్తాండావే! మనసుండాదా నీకు?"

"మీకు మనసులుండబట్టే కదవ్వా మా నాయన ఇట్ల పండుకున్నాడు," అంది మేనత్త.

వేసవి ముగిసేలోపు తాత బొంగులు వదిలి, కాలీడ్చుకుంటూ నడిచాడు. నేరుగా మేనత్త సంచి దగ్గరికే నడిచాడు. దాన్ని వీధిలోకి విసిరి, "పో! నా సావుకు గూడా రావద్దు," అన్నాడు. ఆమె విరగబడి నవ్వింది. "చూసినారా, వీధిదాకా వచ్చినాడు మా నాయన!" అంటూ సంచి దులుపుకుని బస్సెక్కింది. తాత చాలా ఏళ్లు తన కాళ్ల మీదే చేనికి పోయివచ్చాడు. ఆమెను మాత్రం గడప తొక్కనివ్వలేదు. ఆయన పోయినప్పుడు, మాట దాటలేక మావాళ్లు ఆమెకు కబురు కూడా పెట్టలేదు.

నిరుడు నాకూ ఎడమపక్క పడిపోయింది. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ వస్తుంది. నేను అబ్బా అనగానే మా కోడలు అడ్డుపడుతుంది. "చాల్లేమ్మా, నొస్తాండాదంట, ఈ పొద్దుకు ఇడిసిపెట్టు." బంగారంలాంటి పిల్ల. కళ్లనీళ్లు పెట్టుకుని నా నోటికి అన్నం అందిస్తుంది. నేను నమలుతూ, నా చేత తిట్లు తినడానికి మేనత్తలాంటి ఒక్క మనిషైనా ఈ ఇంట్లో లేదే అని భయపడుతుంటాను.