చిన్నాయన పొడుగు తూటాలు

గోనెగండ్ల దగ్గర వేరుశనగ చేనును పందుల నుంచి కాపాడుకుంటానని మా చిన్నాయన తుపాకీ లైసెన్సు సంపాదించాడు. ఆ తుపాకీ చేను మొహం ఎన్నడూ చూడలేదు. పెళ్లిళ్లకు పోయేది, పంచాయితీలకు పోయేది. చేను చుట్టూ పాత చీరలు కట్టి చిన్నమ్మే కాచుకునేది.

అది తాతల నాటి జంట గొట్టాల తుపాకీ. రెండే తూటాలు పడతాయి. ఆయన స్నేహితుడొకడు ఐదు తూటాలు పట్టే మ్యాగజైన్ తుపాకీ కొన్నప్పటి నుంచి చిన్నాయనకు అన్నం సయించలేదు. తన తూటాలు పొడుగువైనా కావాలని నన్ను వెంటబెట్టుకుని ఆదోని పోయాడు. అంగడిలోని ముసలి సాయిబు గొట్టం మీద అంకె చూశాడు.

"అప్పా, నీది అరవై ఐదు మిల్లీమీటర్ల తూటాకు చేసింది. నువ్వడిగేది డెబ్బైవి. లోపల పట్టినట్టే ఉంటాది. పేలినాక తూటా మూతి విచ్చుకునేదానికి జాగా సాలదు, ఒత్తిడికి తుపాకీ పగుల్తాది. నేనియ్యను."

"యాపారం సేతగానోడు," అన్నాడు చిన్నాయన బయటికొచ్చి. నేను తల ఊపాను. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, ఆ పెద్దాయన మాట పూర్తిగా అర్థమైంది. అయినా ఊపాను.

స్నేహితుడి దగ్గర రెండు పొడుగు తూటాలు తెచ్చుకున్నాడు. ఒకరి లైసెన్సు మీద కొన్నవి మరొకరు వాడకూడదనీ, సంబరానికి గాల్లోకి కాల్చడం నేరమనీ ఆయనకు తెలుసు. చట్టం తనలాంటి పెద్దమనుషులకు కాదని ఆయన నమ్మకం.

ఎమ్మిగనూరులో మేనకోడలి పెళ్లి ఊరేగింపు. చిన్నాయన అందరికంటే ముందు, ఎగురుతున్న పిల్లల మధ్య నిలబడి, మీసం సవరించుకుని, తుపాకీ పైకెత్తి పేల్చాడు. పిడి నిలువునా చీలింది. చెక్కపేడు అరచేతిలో దిగింది. మేళం ఆగిపోయింది. అంత లావు మనిషి రోడ్డు మీద కూలబడి "అమ్మో" అని ఏడ్చాడు.

చిన్నమ్మ కొంగు చించి చేతికి కట్టి, తుపాకీ అందుకుంది.

"యాడికే?"

"టేషనుకు. నువ్వు ఆస్పత్రికి పో."

"కేసైతాదే!"

"కానీ. సేన్లో ఒక్క పందిని బెదిరిచ్చింది లేదు, ఈడ బిడ్డల్ని సంపుతాంటివి."

లైసెన్సు రద్దయింది. తూటాలిచ్చిన స్నేహితుడి మీదా కేసు పెట్టారు. నేను సాక్షిని. వాయిదాకు ముందు చిన్నాయన మా ఇంటికి వచ్చాడు.

"అది దానంతటదే పేలిందని సెప్పప్పా," అని నా చేయి పట్టుకున్నాడు. ఆ పట్టులో బతిమాలడం కంటే అధికారమే ఎక్కువ ఉంది. అసహ్యమేసి చేయి లాక్కున్నాను. కోర్టులో చూసింది చూసినట్టే చెప్పాను. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడడు. ప్రాణానికి హాయిగా ఉంది.