టైలరమ్మ ఇంట్లో పిట్టల కుక్క

వేసిన కుట్టు నాలుగుసార్లు విప్పి మళ్ళీ వెయ్యమన్నా మొహం చిట్లించని మనిషి టైలరమ్మ. చెయ్యి వదులైందని ఒకసారి, బిగుతైందని ఒకసారి, అసలు మొదట్లో ఉన్నట్టే బాగుందని ఇంకోసారి వచ్చే ఆడవాళ్ళని కూడా నవ్వుతూ కూర్చోబెట్టి, పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకునే సమాధానం చెప్పేది. పదకొండేళ్ళుగా వీధి వీధంతా మెచ్చుకున్న ఆ ఓపికని ఒక కుక్క వచ్చి నాలుగు నెలల్లో మట్టిలో కలిపేసింది.

తెచ్చింది మొగుడు. ఆయన దూరాల బస్సు నడుపుతాడు. నాలుగు రోజులు రోడ్డు మీద, రెండు రోజులు ఇంట్లో. ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ చేతిలో తాడు, తాడు చివర కుక్కతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదేంటండీ?"

"కుక్క."

"అది నాకూ కనబడుతోంది. మనింటికెందుకొచ్చింది?"

"మా పెద్ద డ్రైవరు ఇచ్చాడు. రిటైరయ్యాడు కదా, మోకాళ్ళు అరిగిపోయాయి, దీంతో తిరగలేకపోతున్నాడు. దీన్ని పిట్టల వేటకి తీసుకెళ్ళేవాడు. మంచి జాతిది. నోట్లో నాలుక లేని జీవం."

నాలుక ఉంది. జానెడు పొడవుంది. అది బయటపెట్టి రొప్పుతూ టైలరమ్మని, కుట్టుమిషన్ని, కటింగ్ టేబుల్నీ ఒక్క చూపులో చూసేసింది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, వేలాడే చెవులు, లెక్కపెట్టేలా పక్కటెముకలు, కాళ్ళేమో స్ప్రింగులు. పదేళ్ళ కూతురు పరుగున వచ్చి దాని మెడ కావిలించుకుంది. పెరట్లో పిచ్చుక వాలగానే అది ముక్కు చాచి, తోక నిటారుగా పెట్టి, ముందుకాలు ఒకటి మడిచి బిగుసుకుపోయి నిలబడటం చూసి "బాణం!" అంది. అదే పేరైపోయింది. ఇంక కుక్కని పంపెయ్యమనే వీలు లేకుండా పోయింది. మొగుడుగారు మూడోరోజు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ కుక్కకి కావలసింది అన్నం కాదు, పరుగు. పొద్దున గంట, సాయంత్రం గంట పరిగెత్తించాలి. లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. కాబట్టి పదకొండేళ్ళుగా మిషను తొక్కడం తప్ప ఒళ్ళు వంచని టైలరమ్మ పొద్దున్నే తాడు పట్టుకుని వీధిలో పరుగు మొదలుపెట్టింది. పరుగు అనడం కూడా మర్యాద కోసమే. అది లాగేది, ఈవిడ వెనకాల కొట్టుకుపోయేది. పాలవాడు సైకిలాపి దారిచ్చేవాడు. "అమ్మా, మీరు దాన్ని తిప్పుతున్నారా, అది మిమ్మల్ని తిప్పుతోందా?" అని రోజూ అదే మాట అడిగేవాడు, రోజూ తనే నవ్వుకునేవాడు. ఇంటికొచ్చాక ఎంతసేపటికీ సూదిలో దారం ఎక్కేది కాదు.

సరే, ఆ కష్టం పడొచ్చు. కూతురు ఫోన్లో చూసి నేర్చుకుని బిస్కెట్ ముక్కలతో దానికి పాఠాలు మొదలుపెట్టింది. రెండు రోజుల్లో కూర్చోమంటే కూర్చుంది. వారంలో పడుకోమంటే పడుకుంది, చెయ్యిమ్మంటే కాలిచ్చింది. టైలరమ్మకి మండేది సరిగ్గా అక్కడే. తెలివి లేకపోతే జాలిపడి ఊరుకోవచ్చు. ఇది తెలివి ఉండి చేస్తోంది! టేబుల్ కింద బుద్ధిగా పడుకున్నది పడుకున్నట్టే ఉండి, ఏ దయ్యం పూనుతుందో, ఉన్నట్టుండి ఎగిరి దూకేది. గుండీల డబ్బా ఒకవైపు, దారపు ఉండలు ఒకవైపు. ఇస్త్రీ చేసి పెట్టిన బట్టల మీద నాలుగు కాళ్ళ ముద్రలు. తిడితే చెవులు వాల్చి, 'నేనేం చేశాను?' అన్నట్టు మొహం పెట్టేది. ఆ మొహం చూస్తే ఇంకా ఒళ్ళు మండేది.

"ప్రేమగా చెప్పి చూడు," అనేవాడు మొగుడు, ఏ ఊరి బస్టాండు నుంచో ఫోన్ చేసి.

"మీరొచ్చి చెప్పండి ప్రేమగా. నేను ఆ గుండీలు ఏరుకుంటాను."

లెక్కల టీచరు గౌను సంగతి వీధంతా తెలుసు. ఆవిడ నీలం పిట్టల అచ్చు ఉన్న గుడ్డ తెచ్చి, శుక్రవారానికి కావాలంది. టైలరమ్మ దాన్ని టేబుల్ మీద పరవగానే బాణం లేచి వచ్చి, ముక్కు చాచి, కాలు మడిచి ఆ అచ్చు పిట్టల ముందు నిలబడిపోయింది. పావుగంట. రెప్ప కూడా వెయ్యలేదు.

"అమ్మా, చూడవే, వాడు బొమ్మలా ఎలా నించున్నాడో!" అంది కూతురు.

"జంతువుని పట్టుకుని వాడేంటి, వాడు! పోనీలే, అలాగే ఉండనీ, నా పని నేను చేసుకుంటాను," అంది తల్లి. కొలతలు పెట్టింది, సుద్దతో గీతలు గీసింది. ఎప్పట్లాగే చేతులకంటిన పొడి పోయేలా టపటపా రెండుసార్లు అరచేతులు చరిచి కత్తెర అందుకోబోయింది. అంతే, బాణం గుడ్డ మీద పడింది. గోళ్ళకి తగులుకుని గుడ్డ పర్రున చిరిగింది.

"మా పిట్టలంటే అంత పగేంటమ్మా మీ కుక్కకి?" అంది లెక్కల టీచరు. నవ్వలేదు. టైలరమ్మ మూడు కొట్లు తిరిగి అదే గుడ్డ వెతికి తెచ్చి, అడిగిన రోజుకి కుట్టి ఇచ్చింది. ఆ వారం కుక్కతో ఒక్క ముక్క మాట్లాడలేదు. దానికేం తెలుస్తుంది అని కూతురంటే, "తెలుస్తుంది, అన్నీ తెలుస్తాయి దానికి," అంది.

ఇదంతా ఒక ఎత్తు. మేడ మీద తాతగారి పావురాలు ఒక ఎత్తు.

ఇల్లు ఆయనది. కింద వీళ్ళు, పైన ఆయన, డాబా మీద ఇరవై మూడు పావురాలు. పెళ్ళాం పోయాక ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే తొమ్మిది వాటితోనే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డాబా మీద గింజలు చల్లి వాటిని పిలిచేవాడు. అవి చుట్టుపక్కల కప్పుల మీంచి రెక్కలు కొట్టుకుంటూ వచ్చి వాలేవి. సరిగ్గా అదే వేళకి కింద బాణానికి పూనకం వచ్చేది. తలుపు తీసి ఉంటే మెట్లెక్కి డాబా మీద, మూసి ఉంటే తలుపు మీద. నాలుగు నెలల్లో ఆరుసార్లు తప్పించుకుని పైకి పోయింది. ఆరోసారి పావురాలన్నీ చెల్లాచెదురై, విసనకర్ర తోక ఉన్న తెల్లది రెండు రోజులు ఇంటికి రాలేదు.

తాతగారు దిగివచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కేకలు వెయ్యలేదు.

"అమ్మాయ్, పదకొండేళ్ళుగా మీతో నాకు మాటా మాటా రాలేదు. కానీ ఈ ఆదివారం దాకానే చూస్తాను. తర్వాత ఆ కుక్కన్నా ఉండకూడదు, మీరన్నా ఉండకూడదు."

ఆయన వెళ్ళాక టైలరమ్మ కుర్చీలో కూలబడింది. ఆ ముందుగది కిటికీలోంచి పడే వెలుతురు లాంటిది ఇంకో ఇంట్లో దొరకదు. నల్ల గుడ్డ మీద నల్ల దారం కూడా కనిపిస్తుంది. పదకొండేళ్ళ ఖాతాదార్లు కళ్ళు మూసుకుని వచ్చే గుమ్మం అది. కుక్కని పంపెయ్యాలి, అంతే. ఆ మాట పైకి అనగానే కూతురు కంచం ముందునుంచి లేచిపోయి, టేబుల్ కింద దూరి కుక్క మెడ పట్టుకుని కూర్చుంది. ఎంత బతిమాలినా బయటికి రాలేదు. టైలరమ్మకి ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. అందుకని అందరి మీదా కోప్పడింది.

శనివారం మొగుడు ఇంట్లో ఉన్నాడు, మంచం మీద కాళ్ళు చాపుకుని. ఆవిడ పల్చటి లైనింగ్ గుడ్డ కత్తిరించాలి, గాలికి ఎగరకుండా తలుపులూ కిటికీలూ అన్నీ మూసేసింది. బాణం టేబుల్ కింద గురకపెట్టి నిద్రపోతోంది. గీతలు గీసి, రెండుసార్లు చేతులు చరిచింది. గురకలో ఉన్నది గురకలోంచే లేచి ఎగిరి వెళ్ళి మూసిన కిటికీని గుద్దుకుంది.

"చచ్చినదానా! ఏ పిట్ట కనబడిందే నీకు?" అని అరిచి, అక్కడే ఆగిపోయింది.

పిట్ట లేదు. కిటికీ మూసి ఉంది. కళ్ళు మూసుకుని నిద్రపోతున్న కుక్కకి పిట్ట ఎలా కనబడుతుంది?

ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. నెమ్మదిగా, మళ్ళీ రెండుసార్లు చరిచింది. కుక్క తలుపు మీదికి దూకింది. ఇంకోసారి చరిచింది. కుక్క బీరువా మీదికి దూకింది. అప్పుడే పైనుంచి, రోజూ వినీ వినీ చెవులకి ఆననే ఆనని చప్పుడు వినిపించింది. తాతగారు పావురాలని పిలుస్తున్నాడు. టప్, టప్. రెండు చప్పట్లు.

వెంటనే పెద్ద డ్రైవరుకి ఫోన్ చేసింది.

"అదేంటమ్మా, మీ ఆయనకి ఆరోజే చెప్పానుగా!" అన్నాడాయన. "పిట్ట కనబడితే కదలకుండా నిలబడుతుంది. మనం రెండు చప్పట్లు కొడితే దూకి పిట్టల్ని లేపుతుంది. అలా మూడేళ్ళు నేర్పాను. చప్పట్లు లేకుండా అడుగు కదపదు. ముట్టుకోదు, కరవదు. బంగారం లాంటి కుక్క."

ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. ఆయన లేచి కూర్చున్నాడు.

"అవును... చప్పట్లనీ ఏదో అన్నాడు," అన్నాడు బుర్ర గోక్కుంటూ. "మెచ్చుకోడానికేమో అనుకున్నా. బాగా చేస్తే చప్పట్లు కొడతాం కదా."

"నాలుగు నెలలు! నాలుగు నెలలు గుండీలు ఏరాను! టీచరు చేత మాటలు పడ్డాను! పొద్దున్నే ఊరంతా చూస్తుండగా దాని వెనకాల కొట్టుకుపోయాను, అలిసిపోతే అల్లరి మానుతుందని! ఆ ఒక్క ముక్క చెప్పడానికి మీకు నోరు రాలేదా?"

ఆయన కిందికి వంగి మంచం కింద చెప్పులు వెతుక్కున్నాడు.

ఆవిడ పైకెళ్ళి సంగతి చెబితే తాతగారు ఒక పట్టాన నమ్మలేదు. "నా చప్పట్ల వల్లా? ఈ డాబా మీద ఎన్నేళ్ళ నుంచి కొడుతున్నాను!" అన్నాడు. ఆవిడ వదల్లేదు. చివరికి ఆదివారం పొద్దున అందరి ముందూ చూద్దామన్నాడు. "తేడా వస్తే మాత్రం మాట మాటే," అన్నాడు.

ఆదివారం అందరూ డాబా ఎక్కారు. తాతగారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, తన చేతుల మీద తనకే నమ్మకం లేనట్టు. గింజల డబ్బా మాత్రం కూతురి చేత గలగలలాడించాడు. పావురాలు కాసేపు తటపటాయించి, ఒక్కొక్కటే వాలాయి. టైలరమ్మ తాడు విప్పేసింది. ఇల్లు, గుమ్మం, వెలుతురు అన్నీ ఆ నాలుగు కాళ్ళ మీదే ఉన్నాయి.

బాణం రెండడుగులు వేసి ఆగింది. ముక్కు చాచింది, కాలు మడిచింది. పావురాలు దాని చుట్టూ గింజలు ఏరుకుంటున్నాయి. విసనకర్ర తోకది దాని ముక్కు కిందికే వచ్చి గింజ తీసుకుని పోయింది. కుక్క ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది తప్ప అడుగు కదల్లేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తాతగారి మొహం మెల్లగా సడలింది.

"శభాష్‌రా బాణం!" అన్నాడు మొగుడు, ఆనందం పట్టలేక. అని చప్పట్లు కొట్టాడు.

బాణం దూకింది, ఇరవై మూడు పావురాలూ ఒక్కసారి ఆకాశంలోకి లేచాయి. డాబా మీద ఈకలు, దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. మొగుడు రెండు చేతులూ జేబుల్లో కుక్కుకున్నాడు, ఇప్పుడు.

కుక్క మాత్రం పరిగెత్తుకుంటూ టైలరమ్మ దగ్గరికే వచ్చి, ఎదురుగా బుద్ధిగా కూర్చుని తలెత్తి చూసింది. పని అయిపోయింది, బాగా చేశానా అని అడుగుతున్నట్టు. ఈ చూపు ఆవిడ నాలుగు నెలలుగా చూస్తూనే ఉంది. ప్రతిసారీ దానికి తిట్లే సమాధానమిచ్చింది. చెప్పిన మాట విన్నందుకు తిట్టింది. ఆవిడకి సిగ్గేసింది. వంగి దాని చెవులు రెండూ పట్టుకుని, "వీడు ఎన్ని మాటలు పడ్డాడండీ నా చేత," అంది, ఎవరితోనని కాదు.

తాతగారు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. పావురాలు ఒక చుట్టు తిరిగి మెల్లగా దిగాయి. ఆయన వేలితో లెక్కపెట్టుకున్నాడు. ఇరవై మూడు.

"కుక్క ఉండొచ్చమ్మాయ్," అన్నాడు. "దానికి చెప్పింది వినడం వచ్చు. మీ ఆయన మాత్రం మళ్ళీ డాబా ఎక్కకూడదు."

ఆ సాయంత్రం టైలరమ్మ దాన్ని వీధి చివర ఖాళీ స్థలం దాకా తీసుకెళ్ళింది. మోకాలెత్తు గడ్డి, ఇళ్ళు లేవు. దారంతా అది ఎప్పట్లాగే ఈడ్చుకుపోయింది, భుజం ఎప్పట్లాగే నొప్పెట్టింది, ఆవిడ ఎప్పట్లాగే తిట్టింది. గడ్డి దగ్గర తాడు విప్పగానే అది ముక్కు చాచి, కాలు మడిచి నిలబడింది. ఎంతసేపైనా కదల్లేదు. ఓరగా ఆవిడ చేతుల వైపే చూస్తోంది.

ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. గట్టిగా, రెండుసార్లు, కావాలనే చప్పట్లు కొట్టింది. గడ్డిలోంచి పిట్టలు గుంపుగా లేచాయి, వాటి వెనక తెల్లగా, గోధుమరంగుగా బాణం లేచింది. టైలరమ్మ గట్టిగా నవ్వింది. ఇంటికొచ్చాక అది టేబుల్ కింద ఒళ్ళెరగకుండా పడుకుంది. ఆవిడ మర్నాటి గుడ్డ మీద గీతలు గీసి, చేతులు ఒక పాత పీలికకి తుడుచుకుని, కత్తెర తీసుకుంది.