మెహబూబ్ బీ మానని మాత్రలు

మా అత్తమ్మ మెహబూబ్ బీ హనుమాన్ జంక్షన్‌లో పరుపులు కుట్టి పిల్లల్ని పెంచింది. దబ్బనం పట్టిన ఆ వేళ్ళకి ఇప్పుడు మాత్రల షీట్లు చింపడమే పని.

నా భర్త షబ్బీర్ పోయిన ఏడు చనిపోయాడు. ఒంట్లో కులాసాగానే ఉందని తనంతట తనే బీపీ మాత్రలు మానేశాడు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని అలాగే ఒరిగిపోయాడు.

"మానేశాడు గనకే పోయాడు. నేను ఒక్కటీ మానను," అంది అత్తమ్మ, విజయవాడలో నా దగ్గరికి వచ్చేసిన రోజునే. షుగర్‌కీ బీపీకీ జంక్షన్ డాక్టరు రాసినవీ, బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త డాక్టరు రాసినవీ అన్నీ కొనిపించేది. నెలనెలా మందుల సంచి బరువెక్కింది. పాతవి కొత్తాయనకి చూపిద్దామంటే ససేమిరా అనేది.

"ఇంకొకళ్ళ మందులు చూపిస్తే ఆయన నొచ్చుకోడూ?"

రంజాన్‌లో ఒకరోజు తెల్లవారకముందే సెహరీ తిని, అన్నీ మింగి రోజా ఉంది. సాయంత్రం అసర్ నమాజుకి లేవబోయి గోడ పట్టుకుంది. చీరంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. పరుగున చక్కెర నీళ్ళు తెచ్చాను. పెదవులు బిగించేసింది.

"రోజా పోద్ది, తియ్యి."

"ప్రాణం మీదికొస్తే విడవచ్చత్తమ్మా. తాగండి."

"పొద్దుగూకి మగ్రిబ్ దాకా... ఎంతసేపే..."

మాట ముద్దగా వచ్చింది. షబ్బీర్ ఆఖరి మాటా అలాగే వచ్చింది.

"మీరూ పోతే నేనెవరికి వండాలి?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆమె నోరు తెరిచింది.

కాస్త తేరుకోగానే సంచితో సహా ఆటోలో బెంజ్ సర్కిల్ తీసుకెళ్ళాను. డాక్టరు రెండు షీట్లు పక్కపక్కన పెట్టాడు.

"పేర్లే వేరమ్మా, రెండూ ఒకటే షుగర్ మందు. రెండింతలు మింగారు, పైగా ఉపవాసం. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?"

"తమరు నొచ్చుకుంటారనండీ," అన్నాను.

"నేను నొచ్చుకోను గానీ, మీ మందుల షాపాయన నొచ్చుకుంటాడు."

కొన్నాళ్ళుగా ఆమెకున్న కాళ్ళ వాపు కూడా జంక్షన్ బీపీ మాత్ర వల్లేనట. దాన్ని మార్చి, జంక్షన్ షుగర్ మాత్రనీ, వాపుకి తను రాసినదాన్నీ మానమన్నాడు.

అత్తమ్మ నవ్వలేదు. తిరుగు దారిలో సంచి ఒళ్ళో అదిమిపట్టుకుంది.

"మానమంటున్నాడే నసీమా. వాడూ మానేశాడు కదే."

"ఆయన్ని ఏ డాక్టరూ మానమనలేదత్తమ్మా."

ఇంటికొచ్చాక జంక్షన్ షీట్లు తీసి, చాలాసేపు చూసి నా చేతిలో పెట్టింది.

"నువ్వే పారెయ్యి. నా దగ్గరుంటే భయానికి మింగేస్తాను."

గుమ్మం దాటేదాకా ఆమె చూపు నా గుప్పిట మీదే ఉంది.