బావ బొటనవేలు

టీషర్టు తెచ్చి దీని మీద ఫోటో వెయ్యమని అడిగినవాళ్లతో బావ ముందు ధర మాట్లాడేవాడు కాదు. షర్టు లోపలి కుట్టు దగ్గర ఒక్క పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించేవాడు. పోగు ముడుచుకుపోయి చివర గట్టి పూసలా మిగిలితే అది పాలిస్టరు, పని తీసుకునేవాడు. కాలి బూడిదైపోతే కాటన్, షర్టు మడతపెట్టి తిరిగి చేతికిచ్చేవాడు.

"ఏంటి మాస్టారూ, కొత్త షర్టు తగలబెడుతున్నారు?" అని ఒకసారి ఒక బస్సు డ్రైవరు గోలపెట్టాడు.

"పోగే బాబూ కాలింది. ఎక్కడ లాగానో మీ ఆవిడ కనిపెడితే కొత్త షర్టు నేను కొనిస్తా."

"ఇంతకీ వేస్తారా, వెయ్యరా?"

"వెయ్యను. ఇది కాటన్. ఇవాళ వేసిచ్చాననుకోండి, ఇంటికెళ్లేదాకా మీ మొహం బాగానే ఉంటుంది. రెండు ఉతుకులయ్యాక మీ పిల్లలే మిమ్మల్ని పోల్చుకోలేరు."

డ్రైవరు నవ్వుతూ తిట్టుకుంటూ వెళ్లి, మర్నాడు పాలిస్టరు షర్టు తెచ్చుకున్నాడు.

మా పనిని సబ్లిమేషన్ అంటారు. కాగితం మీద బొమ్మను తిరగేసి అచ్చు తీసి, వస్తువుకు అంటించి, ప్రెస్సులో పెట్టి కాలుస్తాం. వేడికి సిరా ఆవిరై పాలిస్టరులోకి దూరి, చల్లారాక అక్కడే ఉండిపోతుంది. కాటన్ ఆ ఆవిరిని పట్టుకోదు. పింగాణీ, రేకు, చెక్క కూడా పట్టుకోవు. వాటి మీద కంటికి తెలియని పల్చటి పూత ఉండాలి. ఈ సిరాల్లో తెలుపు లేదు కాబట్టి నల్లటి సరుకు ఎందుకూ కొరగాదు. ప్రెస్సు ఎవరి చేతిలోనైనా ఒకేలా కాలుస్తుంది. విద్యంతా ఇంకా బొమ్మ వెయ్యని ఖాళీ సరుకు ఎంచుకోవడంలోనే ఉంది.

ఆ విద్య బావకు ఎవరూ నేర్పలేదు. బట్టల కర్మాగారంలో పద్దెనిమిదేళ్లు కత్తెర పట్టాడు. అది మూతపడ్డాక ప్రెస్సు కొనుక్కొచ్చి ఇంటి ముందు గదిలో పెట్టాడు. మొదటి నెలలోనే బజార్లో మామూలు తెల్ల కప్పులు కొని, ఎవరిదో షష్టిపూర్తి అయితే వాళ్ల ఫోటో వేసిచ్చాడు. మొదటిసారి తోమగానే పెద్దాయన మీసం, రెండోసారికి పెద్దాయనే కొట్టుకుపోయారు. ఆ తర్వాత బావ చేత్తో తడిమి చూడకుండా ఒక్క కప్పు కొనలేదు.

పూత ఉన్న కప్పు, లేని కప్పు పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా మెరుస్తాయి. సూదితో గీస్తే తేడా తెలుస్తుంది గాని గీత మిగిలిపోతుంది. ఒక రంగు చుక్క వేసి కడిగి చూడొచ్చు. చుక్క నిలిస్తే కప్పు మంచిదే, కాకపోతే అప్పటికి దాని మీద ఒక చుక్క పడింది. బావకు ఇవేవీ అక్కర్లేదు. కప్పును ఎడమ చేత్తో పట్టుకుని కుడి బొటనవేలిని పిడి పక్కనుంచి కిందికి ఒక్కసారి జార్చేవాడు. పూత ఉంటే వేలు కొద్దిగా పట్టినట్టు ఉంటుందట. ఉత్త పింగాణీ అయితే గాజులా చల్లగా జారిపోతుందట. పూత ఎక్కడ పల్చబడిందో కూడా చెప్పేవాడు. నేను పదకొండేళ్లు ఆయన పక్కన పనిచేశాను. నాకు ఎప్పుడూ తెలియలేదు.

"నీకెందుకు తెలుస్తుందిరా, నీ వేళ్లు ఫోను రుద్దడానికే పుట్టాయి" అనేవాడు.

"నువ్వున్నావుగా బావా, నాకెందుకూ!"

మా దుకాణం నడిచిందే ఆ వేలి మీద. టోకు వర్తకుడు పూత సరుకు, పూత లేనిది కలిసిపోయిన పెట్టెలను విడిగా పడేసేవాడు. వాటిని ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. బావ వెళ్లి గోడౌను నేల మీద కూర్చుని ఒక్కో కప్పూ తడిమి మంచివి చవగ్గా ఏరుకొచ్చేవాడు. పెద్ద దుకాణాలవాళ్లు కూడా తమ సరుకు చూసిపెట్టమని పిలిచేవాళ్లు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవాడు.

ఆ వేలు మొద్దుబారుతోందని నాకు మొదట వాసన వల్ల తెలిసింది. కప్పులు కాల్చే ప్రెస్సు దగ్గర నిలబడి బావ ఏదో కబుర్లు చెబుతున్నాడు. కాలిన వాసన వచ్చింది. కాగితం అంటుకుందేమోనని చూస్తే, ఆయన కుడి చెయ్యి కప్పు చుట్టూ బిగించే వేడి పట్టీ మీద ఆని ఉంది.

"బావా, చెయ్యి!"

తీసి చూసుకున్నాడు. రెండు వేళ్ల మీద చర్మం తెల్లగా లేచింది. నొప్పి మాత్రం మొహంలో లేదు.

"అక్కకి చెప్పకు" అన్నాడు.

షుగరు ఆయనకు ఎనిమిదేళ్లుగా ఉంది. మాత్రలు వేసుకునేవాడు, మరిచిపోయేవాడు, అక్క అరిస్తే మళ్లీ వేసుకునేవాడు. అది వేళ్లలోకి వస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు. నేను అక్కకు చెప్పలేదు. అది నా తప్పు. చెప్పి ఉంటే వేలు నిలిచేదని కాదు, ఆ తర్వాత వచ్చిన పసిపిల్లల బడి కప్పులు పాడయ్యేవి కావు.

ఆ బడి టీచరమ్మ నలభై ఎనిమిది కాగితాలు తెచ్చింది. ఒక్కో పిల్లాడూ తన ఇంటివాళ్ల బొమ్మ గీశాడు. ఎవరి బొమ్మ వాళ్ల అమ్మానాన్నలకు కప్పు మీద వేసి ఇవ్వాలి. బావ గోడౌనుకు వెళ్లి కప్పులు ఏరుకొచ్చాడు. అంతకుముందు గంటలో ముగించేవాడు, ఆ రోజు మూడు గంటలు పట్టింది. కాల్చినప్పుడు రంగులు బాగానే కనిపించాయి. పూత లేకపోయినా సిరా పైపైన నిలుస్తుంది, కడిగేదాకా.

వారం తిరక్కుండా టీచరమ్మ ఒక సంచితో వచ్చింది. అందులోంచి ఒక కప్పు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఒక పిల్ల గీసుకున్న నలుగురు మనుషుల్లో కాళ్లు మాత్రమే మసగ్గా మిగిలాయి.

"ముప్పై మంది ఇలాగే తిరిగిచ్చారండీ. ఒకతనైతే కప్పు తోమినందుకు పిల్లాడు వాళ్లమ్మతో రెండు రోజులు మాట్లాడలేదన్నాడు."

బావ కప్పు అందుకుని బొటనవేలు జార్చాడు. మళ్లీ జార్చాడు. తర్వాత దాన్ని నా చేతిలో పెట్టి లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. ధర ఎక్కువైనా, పూత గ్యారంటీతో కంపెనీ సీలు వేసిన పెట్టెలు కొనుక్కొచ్చి అన్నీ నేనే మళ్లీ వేసిచ్చాను. టీచరమ్మ దగ్గర కాగితాలు ఉండబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం అక్క రెండు కప్పులు తెచ్చి బావ ముందు పెట్టింది. ఒకటి పూత ఉన్నది, ఒకటి వంటింట్లోది.

"చెప్పు, ఏది ఏదో."

"నాకు పరీక్షలు పెడుతున్నావా?"

"పెడుతున్నా. మాత్రలు మింగావా అని అడిగితే మింగానని నాకు ఎన్నిసార్లు చెప్పలేదూ? ఇప్పుడు ఇది చెప్పు."

బావ కళ్లు మూసుకుని తడిమాడు. కుడి చేత్తో, ఎడమ చేత్తో, చెంపకు ఆనించి కూడా చూశాడు. చివరికి ఒకటి చూపించాడు. అది వంటింటి కప్పు. అక్క రెండూ తీసుకెళ్లి కడిగి బోర్లించింది.

డాక్టరు ఆయన్ను కళ్లు మూసుకోమని, దూది పుల్ల పట్టుకుని, వేళ్ల మీద రాస్తున్నాను తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోందన్నాడు బావ. అప్పటికి డాక్టరు ఇంకా రాయలేదు. పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమనీ, ఉన్నదైనా నిలుపుకోమనీ చెప్పి పంపాడు. ఇంటికొచ్చాక అక్క ఆయన్ను ప్రెస్సు దగ్గరకు రానివ్వలేదు. పోగు కూడా ఇప్పుడు ఒక్కటి లాగలేడు, లాగితే నాలుగొచ్చి కుట్టే ఊడుతుంది.

ఇక చెయ్యడానికి ఆయనకు ఏ పనీ లేదు. మేం సీలు వేసిన పెట్టెలే కొంటున్నాం. అవి ఎవరైనా కొనొచ్చు, కాబట్టి మా దగ్గరికే ఎందుకు రావాలో జనానికీ అర్థం కాలేదు. బావ పొద్దున్నే స్నానం చేసి దుకాణంలో కూర్చునేవాడు. వచ్చినవాళ్లు నాతో మాట్లాడేవాళ్లు. మూడో వారం ఆయన తిండి తగ్గించేశాడు.

అప్పుడు అక్కకు ఆ ఆలోచన వచ్చింది. "గోడౌను నుంచి కలిసిపోయిన పెట్టె వచ్చిందని చెప్పు. ఏరమని ఇద్దాం. మనసు నిలబడుతుంది."

"తప్పు ఏరితే?"

"ఏరనీ. వాటి మీద ఎవరు అచ్చు వేస్తారు?"

గోడౌనులో పడున్నవాటిలోంచి నలభై కప్పులు తెచ్చి ఒక పెట్టెలో వేసి ఆయన ముందు పెట్టాను. చొక్కా చేతులు మడిచాడు. మధ్యాహ్నం దాకా కూర్చుని, పనికొచ్చేవి కుడివైపు, రానివి ఎడమవైపు పెట్టాడు. ఆ రోజు అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు. సాయంత్రం నేను రెండు వైపులవీ కలిపి మళ్లీ పెట్టెలో వేశాను. పొద్దున్నే కొత్త పెట్టె వచ్చిందన్నాను. ఇలా తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు ఒక కప్పు చేతిలో పట్టుకుని నన్ను పిలిచాడు.

"ఇలా రారా. దీని పిడి కింద చూడు."

చూశాను. పింగాణీ కాలేటప్పుడు పడ్డ చిన్న బుడిపె ఉంది.

"దీన్ని నేను మంగళవారం కుడివైపు పెట్టాను. నిన్న ఎడమవైపు పెట్టాను. ఇవాళ మళ్లీ వచ్చింది."

ఆయన వేళ్లు పోయాయని అనుకున్నాం గాని కళ్లున్నాయని మరిచిపోయాం. నలభై కప్పుల్లో ఒక్కదానికి వంకర ఉన్నా ఆయనకు ముఖం గుర్తున్నట్టు గుర్తుంటుంది. లోపలినుంచి అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నిన్న నువ్వు ఎడమ అన్నావంటే..." అని ఏదో సర్దబోయాను.

"ఏడిశావులే. అబద్ధమాడటం కూడా రాదు మీ ఇంట్లోవాళ్లకి. కనీసం పెట్టె అయినా మార్చొచ్చుగా! పక్కన అదే నూనె మరక."

"మారుస్తాను బావా."

"వద్దులే." ఆ బుడిపెను గోటితో గీకాడు. "మంగళవారం నేను చెప్పింది కరెక్టా, నిన్న చెప్పిందా?"

నాకు తెలియదు. చుక్క వేసి చూస్తే తెలిసేది. ఎవరమూ వెయ్యలేదు.

మర్నాడు పెట్టె తేవాలా అని అడిగాను. తెమ్మన్నాడు. అదే పెట్టె పెట్టాను. ఇప్పటికీ పెడుతున్నాను. కొత్తదని నేను చెప్పను, ఆయన అడగడు. పూత కోసం తడమడం కూడా మానేశాడు. కప్పు తీసి, తిప్పి, ఒకటి ఇటు, ఒకటి అటు పెడతాడు. సాయంత్రానికి రెండు వైపులా సమానంగా ఉంటాయి. నేను కలిపేస్తాను.

నిన్న ఒకటి జారిపోయింది. పగిలిన చప్పుడు విన్నాకే అది తన చేతిలో లేదని ఆయనకు తెలిసింది. వంగి ముక్కలు ఏరబోయాడు.

"ముట్టుకోకు. కోసుకున్నా తెలియదు నీకు" అంటూ అక్క చీపురు తెచ్చింది. బావ రెండు కాళ్లూ కుర్చీ మీదికి తీసుకున్నాడు. ఆమె ఊడ్చేదాకా అలాగే కూర్చున్నాడు.